తడి

లాహోరు కోటలో మా కార్ఖానాకి ఉత్తరపు కిటికీ ఒక్కటే.
ఆ వెలుతురు కోసం పదకొండుమందిమి
భుజాలు రాసుకుంటూ కూర్చుంటాం.
ఊరేగింపు పటం ఒకటి, పని పదకొండు వాటాలు.
గీత ఉస్తాద్ లుత్ఫుల్లాది.
ముఖాలు మొహకమ్‌చంద్‌వి. పాదుషా ముక్కు మీద
ఉడుత తోకలోంచి ఏరిన ఒంటి వెంట్రుకతో
మూడు రోజులు ఉండిపోయాడు.
గొడుగుకి ఇంగిలీకం, ఏనుగు మీది పట్టుగుడ్డకి హరిదళం,
ఆకాశానికి బదక్షాన్ కొండల నీలిరాయి:
గురిగింజలతో తూచి, వేలిముద్ర వేయించుకుని ఇస్తారు.

నాకిచ్చింది నేల.
"నజ్రూ, ఏనుగుల కాళ్ళ కింద ఖాళీ ఉంది, నింపు."
నేలరంగుకి తూకం లేదు.
రావి ఒడ్డున దోసెడు మట్టి తవ్వుకుంటే చాలు.

ఆ ఊరేగింపు నేను చూశానా అంటే, చూశాను.
మా అబ్బా వీపు చూశాను.
అబ్బా భిష్తీ. మేకతోలు తిత్తి నడుముకి వేలాడేసుకుని
నగారాల కంటే ముందు నడుస్తాడు,
బొటనవేలితో తిత్తి మూతి నొక్కి, వదిలి, నొక్కి, వదిలి
దారిపొడుగునా నీళ్ళు జల్లుతూ.
పాదుషా కళ్ళలో దుమ్ము పడకూడదు.
ఏనుగు కనపడేసరికి సందులోకి తప్పుకోవాలి.
తప్పుకున్నాడు.
గోడకి ఆనుకుని, ఖాళీ తిత్తి పిండుకుని
రెండు గుక్కలు తాగాడు.

పటంలో వెతికాను.
వింజామరలవాళ్ళున్నారు, వేటచిరుతని పట్టుకున్నవాడున్నాడు,
డేగ బరువుకి మణికట్టు వాలిన కుర్రాడున్నాడు,
మేడ మీంచి తొంగిచూసే ముసలమ్మ ముక్కుపుడక కూడా ఉంది.
దుమ్ము లేదు.
అన్ని గుర్రాలు నడిచే దారిలో రేణువంత దుమ్ము లేదు.
ఎందుకు లేదని ఎవరూ అడగలేదు.

మట్టిరంగులో చిటికెడు మసి కలిపాను.
ఏనుగు ముందుకాలు ఎత్తిన చోట
చుక్కలు చుక్కలుగా, వంకరటింకరగా,
ఎడమకాలు కాస్త ఈడ్చే మనిషి జల్లినట్టు వేశాను.

ఉస్తాద్ వంగారు. ఆయన గడ్డం నా చెవికి తగిలింది.
"నీడలా ఇవి? మనం నీడలు వేయం."
"నీడలు కావు హుజూర్."
"వానా? మబ్బేదీ?"
"వానా కాదు. ముందు ఒకరు వెళ్ళారు."
ఆయన చూపు కాగితం అంచు దాకా పోయింది.
అంచు దాటితే నా మోకాలు, అంతే.
అకీకు రాయి తీసి నా చేతిలో పెట్టారు.
"బోర్లించి రుద్దు. రంగు లేచిపోకుండా."

రాత్రి తిత్తికి నూనె రాస్తూ అబ్బా అడిగాడు,
నన్ను వేశావా అని.
"నువ్వప్పటికే సందులోకి వెళ్ళిపోయావుగా."
"మరేం వేశావు?"
"తడి."
నవ్వాడు. జేఠ్ నెల ఎండరా,
యాభై అడుగులు వేసేలోగా ఆరిపోతుంది,
ఆరకముందే ఏనుగు దాటాలి, అదే పనితనం అన్నాడు.

నూనెచేతులు నేలకి తుడుచుకున్నాడు.
దీపం దగ్గరికి జరిపి ఆ మరక చూశాను.
రేపు మసి ఇంకాస్త తగ్గించాలి.