సముద్రానికి వీపు పెట్టి

ఏడున్నరకి కాంప్లెక్స్ దగ్గర ఎక్కారు,
ఇరవై రెండు మంది ఆడవాళ్ళు,
కళ్యాణదుర్గం పక్క ఊరి పొదుపు సంఘం.
నాలుగేళ్ళు నెలకి వందేసి దాచి
రైలెక్కి వచ్చారట, సముద్రం చూడ్డానికి.
"నా పేరు గరికిన పోలిరాజు, మీ గైడుని" అన్నాను.
మైకు కుయ్యిమంది.
"రాజువంటనే! గుర్రం యాడప్పా?" అందొకావిడ వెనక సీట్లోంచి.
డ్రైవర్ సింహాచలం హారన్ కొట్టాడు.

ఈ పనిలో ఒక చిత్రం ఉంది:
చూపించేవాడు చూడడు.
పదకొండేళ్ళుగా నేను జనం వైపు తిరిగి
సముద్రానికి వీపు పెట్టి నిలబడుతున్నాను.
వాళ్ళ కళ్ళు పెద్దవైతే
వెనకాల అల లేచిందని లెక్క.
జాలారిపేటలో వల అల్లుతూ మా నాయన అనేవాడు,
"ఒరే, సంద్రానికి వీపు సూపకు."
ఆయన సంద్రంలోంచి చేపల్ని ఊళ్ళోకి తెచ్చాడు.
నేను ఊళ్ళలోంచి మనుషుల్ని సంద్రం దగ్గరికి తెస్తున్నాను.
సాయంత్రానికి చేతిలో మిగిలేది
ఇద్దరికీ ఇంచుమించు అంతే.

కైలాసగిరి మీద
అలవాటుగా చెయ్యి వెనక్కి చాపి
"అదిగో డాల్ఫిన్ నోస్, ఆ కొండ చేప ముక్కులా ఉంటుంది" అన్నాను.
మారెక్క చాలాసేపు చూసింది.
"ముక్కేంది? పండుకున్న ఎనుము మాదిరుండాది."
తల తిప్పి చూశాను.
ఎనుమే.

రేవు బయట లంగరేసిన ఓడలు
లోపల చోటు దొరికేదాకా ఆగి ఉంటాయని చెప్పాను.
"ట్యాంకరొస్తాదని బిందెలు పెట్టినట్టుంది"
అని ఓబులమ్మ నవ్వింది.
నా మైకులో ఈ మాట ఇంతవరకూ లేదు.

బీచి రోడ్డులో, ఇసుక మీద నిలబెట్టిన జలాంతర్గామి.
ఇరుకు సందులో ఒంగి నడుస్తూ
పొడవు చెప్పాను, బరువు చెప్పాను,
టార్పెడోలు ఎలా దూసుకెళ్తాయో చెప్పాను.
ఎవరూ వినలేదు. వంటగది దగ్గర ఆగిపోయారు.
"ఇంతమందికి నీళ్ళెట్ల?"
"కొలిచి ఇచ్చేవారమ్మా. స్నానం అంటే పండగే."
"చుట్టూరా నీళ్ళే గదప్పా!"
"ఉప్పునీళ్ళు."
ఎవరి గాజులూ కదల్లేదు కాసేపు.
మారెక్క ఆ ఇనుప మంచం మీద చెయ్యి వేసి,
చుట్టాన్ని పలకరించినట్టు,
"పాపం, మా మాదిరే" అంది.

మధ్యాహ్నం వంజరం వేపుడు సగం మందే తిన్నారు.
మిగతావాళ్ళు మూటలు విప్పితే
నాకూ ఒక జొన్నరొట్టె వచ్చింది, శెనక్కాయల పొడితో.

రుషికొండ దగ్గర "ఇరవై నిమిషాలే" అన్నాను.
చీరలు పైకి దోపి, ఒకరి చెయ్యొకరు పట్టుకుని
గొలుసులా దిగారు.
తిప్పక్క దిగలేదు.
ఒడ్డున అందరి చెప్పులూ పేర్చుకుని కూచుంది.
సంఘం లెక్కల పుస్తకం కూడా ఆమె దగ్గరేనట.
"నేను చూస్తాను, వెళ్ళమ్మా."
నన్ను ఎగాదిగా చూసి, తన జతా విప్పి,
"ఇరవై రెండు" అని ఒప్పజెప్పి వెళ్ళింది.

అలా కూచున్నాను చెప్పుల పక్కన,
మైకు లేకుండా.
చెప్పడానికి ఎవరూ లేరు, ఎదురుగా అదొక్కటే.
మసక మసగ్గా, ఇనప రంగులో, తన పని తాను చేసుకుంటూ.
ఇన్నేళ్ళూ నా వీపు వెనక ఇదా జరుగుతోంది?
దూరంగా ఒక తెప్ప లేచి, కనబడకుండా పోయి, మళ్ళీ లేచింది.
నాయన లేచాడనుకున్నాను ఒక్క క్షణం.

ఆ క్షణమే చాలింది దానికి.
చల్లగా వచ్చి, మూడు వరసల చెప్పులు చెదరగొట్టి,
నీలం పట్టీ చెప్పొకటి తీసుకుని పోయింది.
పరిగెత్తాను.

బస్సెక్కే ముందు తిప్పక్క రెండుసార్లు లెక్కపెట్టింది.
"సరిపోయినాయిలే."
నా ప్యాంటు మోకాళ్ళ దాకా కారుతోంది.
బస్సు నిండా ఇసుకేనని సింహాచలం గొణిగాడు.
మద్దిలపాలెం దాటేదాకా మైకు ముట్టుకోలేదు.
ఓబులమ్మ ఒడిలో సీసా, సీసాలో రుషికొండ నీళ్ళు,
మూత సరిగ్గా పట్టక కొంచెం కొంచెంగా కారుతూ.

రేపు ఏడున్నరకి రాయపూర్ వాళ్ళు.
పండుకున్న ఎనుముని
హిందీలో ఎలా చెప్పాలా అని చూస్తున్నాను.