అచ్చు

కంపెనీలో కుట్టు వంకరపోయి పక్కన పడేసిన తెల్ల టీషర్టు
ముప్పై రూపాయలకి తెచ్చాను.
చంక దగ్గర తప్పు, చెయ్యెత్తితే తప్ప కనిపించదు.
క్యారమ్స్‌లో చెయ్యెత్తే పనేముందిలే అంది పెంచలప్రియ.

దానికి ఎర్ర బిళ్ళ కావాలి, గుండెల మీద.
కింద రాణి అని, తెలుగులో.
కొరుక్కుపేటంతా అరవంలో రాసుకుంటుంటే
నీకు తెలుగెందుకే అన్నాను.
"ఎవరికీ అర్థం కాకూడదు."
మనకి మాత్రం అవుతుందా అని నేననలేదు.
మేం తిట్టుకునేది తెలుగు, దేవుణ్ణి అడిగేది తెలుగు,
పాల లెక్క మాత్రం అరవంలో రాస్తాను.

జెరాక్స్ షాపు ఢిల్లీబాబు ఫోన్లో వెతికి అక్షరాలు తీశాడు.
"మిర్రర్ పెట్టాలా అక్కా?"
అద్దమెందుకు, ఉత్త బొమ్మ చాలన్నాను.
కాగితం నలభై.
చెడితే ఉంటుందని ఇంకోటి ఖాళీది తీసుకున్నాను.

రాత్రి నీళ్ళ లారీ వచ్చి పోయాక మొదలుపెట్టాం.
మంచం మెత్తన. గట్టి బల్ల లేదు.
అదే క్యారమ్ బోర్డు తిరగేసింది,
నాలుగు గుంటలూ నేలని చూసేలా.
దాని మీద తలగడ గలీబు,
గలీబు మీద చొక్కా,
చొక్కా మీద బొమ్మ, బోర్లా.

ఇస్త్రీపెట్టెలో నీళ్ళు వంపేశాను, ఆవిరి తగిలితే చెడుతుందట.
రెండు చేతులా ఒరిగి ఒళ్ళంతా బరువు చేసి అదిమాను.
కంపెనీలో గంటకి అరవై చొక్కాలు చేస్తాను,
ఒక్కదానికీ ఊపిరి బిగబట్టలేదు.
అది లెక్కపెడుతోంది,
ఇరవై దాకా తెలుగు, అక్కణ్ణించి అరవం,
మధ్యలో "అంచులమ్మా, అంచులు."

చల్లారేదాకా ఆగమన్నాడు. ఆగలేదు.
మూల గోటితో లేపి
మానిన పుండు మీద పెచ్చు తీసినట్టు
మెల్లగా, మెల్లగా...
ఎర్ర బిళ్ళ, అచ్చు గుద్దినట్టు!
అక్షరాలు కూడా, ఒక్క పొట్టు లేవకుండా.
ఇద్దరం ఎగిరిన ఎగురుడికి
పక్కింటి సరోజ గోడ కొట్టింది.

నాలుగు రోజులు అదే తొడుక్కుని తిరిగింది.
ఎవరూ ఏమీ అనలేదు.
వీధికి అదొక ముగ్గు.

అయిదో రోజు, గురి చూస్తుంటే ముంగురులు అడ్డమని
మునిరత్నం సెలూన్‌కి తీసుకెళ్ళాను.
తువ్వాలు కప్పబోయి, అద్దంలోకి చూసి ఆగాడు.
"రాణి," అన్నాడు.
మూతబడిన తెలుగు బడిలో అయిదు దాకా చదివినవాడు.
పిల్ల కుర్చీలో నిటారుగా అయిపోయింది.
అప్పుడు తలొంచి నేరుగా చూశాడు,
కత్తెర బల్ల మీద పెట్టి
కళ్ళెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.
"తిరగబడిందమ్మా! అద్దంలోనే ఇది రాణి."

బిళ్ళకి కుడీ ఎడమా లేదు.
అక్షరానికి ఉంటుందని మాకెవరు చెప్పారు?
అచ్చు వేయడం వచ్చింది,
అచ్చులే రావు.

ఆయనే పౌడరు డబ్బా తీసి అద్దం ముందు బల్ల మీద చల్లాడు.
వేలితో ర. దానికి దీర్ఘం.
ణ దగ్గర వేలు చాలా వంకర్లు తిరిగింది.
దాని నెత్తిన గుడి.
గుడా అంది పిల్ల. గుడే అన్నాడు.

ఇంట్లో రెండో కాగితం ఉంది కదా,
ఈసారి ఢిల్లీబాబుని అద్దం పెట్టమందాం అన్నాను.
"వద్దు. రాణిని వేస్తే చాలదు కదమ్మా,
వెనకే ఇంకో బిళ్ళ వెయ్యాలి, లేకపోతే వెనక్కి పెట్టేస్తారు.
ఆ కాగితం మీద నేనే రాస్తా, స్కెచ్చుతో, తిరగేసి."

ఇప్పుడు రోజూ ఆటకి ముందు బోర్డు మీద పౌడరు చల్లి
సరిగ్గా ఒకసారి, తిరగేసి ఒకసారి రాస్తోంది.
ఆ పక్కన ఓ మూల నేనూ.
స్ట్రైకర్ వచ్చి తుడిచేస్తుంది.
నా వేలికి ణ ఇంకా రాలేదు.