ఆఖరి మడి

సీసం తవ్వి బతికిన ఊళ్లో
సీసం కరిగిస్తూ కూర్చున్నాను.
బ్రోకెన్ హిల్. జనవరి రాత్రి, పదకొండు.
షెడ్డు రేకులు ఇంకా పగటిని వదల్లేదు.
బల్ల మీద మూత విప్పిన రౌటరు,
మూడు తీగలు, ఎర్రదుమ్ము,
ఫ్యాను గాలికి ఎగరకుండా
స్క్రూడ్రైవరు కింద నా లెక్కల కాగితం.

నెరిడా మోటెల్‌ది ఇది. పద్నాలుగు గదులు, ఒకే నడవా.
"ఏం ఎక్కిస్తావో ఎక్కించు,
పేరు మాత్రం మార్చకు" అంది.
పేరంటే వైఫై పేరు:
తొమ్మిదో గదిలో వేడినీళ్ళు జాగ్రత్త.
ఆరేళ్ళుగా అదే.
ఫోను తెరిచిన ప్రతివాడూ చదివి తీరాల్సిన నోటీసు.
ప్లంబరు కన్నా చవక.

వేలిగోరంత చిప్పు, పదహారు మెగాబైట్లు.
దీన్నిప్పుడు మళ్ళు కట్టాలి.
మొదటి మడి పెట్టెని నిద్రలేపే ప్రోగ్రాముది.
అది మడి కట్టుకున్న మడి, ముట్టుకోకూడదు.
తర్వాత కెర్నెల్‌కి రెండు పాళ్ళు, ఫైళ్ళకి పది,
మిగిలింది నెరిడా ఇష్టాయిష్టాలకి.
గట్లు ఎక్కడ పడితే అక్కడ వేయనివ్వదు,
అరవైనాలుగు కిలోబైట్లకొకటి, అంతే.
ఒక్క అక్షరం తుడవాలన్నా
మడంతా దున్నాల్సిందే.

చెరిపితే సున్నాలు మిగుల్తాయనుకుంటాం.
కాదు, అన్నీ ఒకట్లే.
ఈ చిప్పుకి ఖాళీ అంటే నిండుగా ఒకట్లు.
రాయడమంటే వాటిలో కొన్నింటిని పడగొట్టడం.
పడినదాన్ని ఒంటరిగా లేపే దారి లేదు.
ఇది మొదటిసారి చదివిన రోజు
పప్పు అడుగంటింది, గుర్తు.

ఆఖరి మడి,
రెండు ఎఫ్‌లూ నాలుగు సున్నాలూ ఉన్న చిరునామా.
ఫ్యాక్టరీలో ఈ రేడియో గొంతుని
ఒకే ఒక్కసారి కొలిచి రాసిపెట్టిన అంకెలు.
ఇంకో పెట్టెకి అతకవు.
ముందు నకలు తీసుకోవాలి, ఎవర్నడిగినా చెప్తారు.
నేనూ చెప్తాను, అందరికీ.

కూడికలో ఒక మడి ఎక్కువ రాశాను.

ఆకుపచ్చ దీపం వెలిగింది. అన్నీ సరే అంది తెర.
గాలిలో మాత్రం పేరు లేదు.
ఆఖరి మడి తెరిచి చూస్తే
ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్
పేజీ నిండా, ఎవరూ నడవని ఇసకలా.

అట్టపెట్టెలో ఇదే మోడల్‌ది చచ్చిన రౌటరొకటి ఉంటే
దాని అంకెలు తెచ్చి పోశాను.
తెల్లారగట్ల పేరు కనపడింది.
పక్కింటివాళ్ళ కళ్ళద్దాలతో పేపరు చదివినట్టు
తడుముకుంటూ మాట్లాడింది.

పొద్దున్నే నడవాలో ఫోను పట్టుకుని నడిచాను.
నాలుగో గది, బాగుంది. ఆరు, పర్వాలేదు.
ఏడు దగ్గర మసక.
ఎనిమిది దాటాక ఏమీ లేదు.

నెరిడాకి అంతా చెప్పాను,
గట్టూ మడీ, కొలిచిన గొంతూ, నా కూడికా.
విని, డ్రాయరు లాగి, లావు మార్కరు వెతికి
అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసింది.
తొమ్మిదో తలుపు దగ్గర, టేపు పంటితో తెంపుతూ,
"నీకెంతివ్వాలి?" అంది.

నేను అట్ట రెండో చివర పట్టుకున్నాను.