ఊడ దిగే వేళ

మా చేనుకు రెండు పుస్తకాలు.
ఒకటి ప్లాస్టిక్ కవరులో, దూలానికి వేలాడే
మట్టి పరీక్ష కార్డు.
కర్బనం తక్కువ, జింకు తక్కువ,
భాస్వరం మాత్రం కావలసినదానికంటే ఎక్కువ.
"ఇరవై ఏండ్లు డీఏపీ మూటలు మోసినారు గదా తిప్పక్కా,
తిన్నంత తిని మిగిలింది అట్నే కూచోనుంది," అన్నాడు
కళ్యాణదుర్గం నుంచి బండి మీద వచ్చిన మాబుసాబు.

రెండోది నీలం డ్రమ్ము.
దాంట్లో అక్షరాలుండవు, నురగ ఉంటుంది.
పేడ, పంచితం, శెనగపిండి, బెల్లం,
మందు పడని గట్టు మీది గుప్పెడు మన్ను.
పొద్దున, మాపున, కుడివైపుకే తిప్పాల.
మా అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోని
"మనుషులకు లేని బెల్లం మట్టికా?" అనింది.

కార్డు మాయన చదివేది.
డ్రమ్ము నేను చదివేది.
మధ్యలో చేను, ఎర్రగా,
ఎవురి మాటా వినకుండా.

ఆరుద్రలో పదునైంది. గొర్రు కట్టినాం.
పదకొండు సాళ్ళు శెనక్కాయ, ఒక సాలు కంది.
మా తాత ఇట్నే ఏసేవాడని నేను,
సైంటిస్టులు చెప్పినారని ఆయన.
సాలు మాత్రం ఒకటే పడింది.

పసుపుపచ్చ పూలొచ్చినాయి.
పువ్వు వాడినాక దాని అడుగు నుంచి
సూది మొనంత ఊడ వంగి
మన్ను వెతుక్కుంటా దిగుతుంది.
ఆ దినాల్లో మాబుసాబు మళ్ళీ వచ్చినాడు:
"ఏరు తాగిన సున్నం ఆకు దాకా పోతాదక్కా,
మళ్ళీ కిందికి రాదు.
కాయ తన పాలు తానే తాగాల.
ఊడ దిగేచోటే జిప్సం ఉండాల."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
తల్లి తిన్నది బిడ్డకు అందని చెట్టా ఇది!
ఇన్నేండ్లు పీకినాను, కొట్టినాను, ఒలిచినాను,
దీని కష్టం నాకు తెలియకపాయ.

సంఘంలో పెద్దక్క గట్టిగానే చెప్పింది,
మూట ముట్టుకుంటే మన సేద్యం కాదని.
ఇంటికొచ్చి మూట విప్పి
చిటికెడు నాలిక మీద ఏసుకున్నా.
ఉప్పు లేదు, చేదు లేదు.
మన్నే.
వేరే ఊరి మన్ను.

చల్లినాం, మొదళ్ళ పక్కన, మట్టి ఎగదోసి.

తర్వాత ముప్పై ఒక్క రోజు
మబ్బు మొగం చూపించి పోయింది.
జిప్సానికీ తడి కావాల,
ఆ సంగతి కార్డులో లేదు.
పోయినేటి కందికట్టె, ఆముదం పొట్టు పరిచిన చోట
గడ్డి ఎత్తి చూస్తే
వేలు లోతున చల్లగా ఉంది నేల.
వానపాము బొక్క ఒకటి.
మాయన దాంట్లో వేలు పెట్టి
చానాసేపు తియ్యలేదు.

నా ఓటమీ చెప్పుకోవాల:
ఆకుమచ్చకు నా పుల్లమజ్జిగ పని చెయ్యలేదు.
మచ్చ పట్టిన మూల వరకే
మందు కొట్టినాడు, ఒక్కసారి.
నేను మొగం తిప్పుకోని నిలబడినా.
పురుగుకు మటుకు డబ్బా కొననియ్యలేదు,
గట్టు మీది ఆముదపాకుల్లో గుడ్లముద్దలు
నేనే గిల్లి ఏరేసినా.

పీకినప్పుడు లెక్కపెట్టినాం:
చెట్టుకు పద్నాలుగు, మూడు లొట్టలు.
పోయినేడు తొమ్మిది, అయిదు లొట్టలు.
అప్పు తీరలేదు.
వడ్డీ నోరు మూసుకుంది.

కళ్ళంలోకి పెద్దక్క వచ్చింది.
ఒక కాయ చిదిమి, గింజ చూసి,
"ఏ పద్ధతిది?" అనడిగింది.
నా నోటినిండా పచ్చి శెనక్కాయలు,
మాట్లాడేదానికి లేదు.

ఎనకాల కొట్టంలో
మాయన డ్రమ్ము తిప్పుతున్నాడు,
ఎడమకు.

మా అత్త అరుగు మీంచి అరిచింది:
"కుడికి రా ఎర్రిస్వామీ,
కుడికి!"