తేమ పదిహేడు

తిప్పర్తి అవతల వడ్ల సెంటరు.
తొమ్మిదో రాత్రి.
కుప్పల నడుమ పరదా పరిచి
ఆటకు కూసున్నం అయిదుగురం.

ఈ ఆటల పేకలు లేవు, పాచికలు లేవు.
రూళ్లే ముక్కలు. రూలు మార్చుడే ఎత్తు.
చేతులు లేస్తే పాతది కొట్టేసి కొత్తది రాస్త,
గెలిచినోనికి చింతగింజలు.
నోటుబుక్కు నా దగ్గర.
మా పిల్ల ఏడో తరగతి లెక్కల బుక్కు,
ముందు సగం భిన్నాలు, వెనక సగం మేము.

మొదటి రాత్రి మూడు రూళ్లు,
ఇప్పుడు నలభై.
పన్నెండోది: దగ్గినోడు ఓటెయ్యొద్దు.
దాన్ని ఇరవయ్యోది చంపింది,
ఈ దుమ్ముల దగ్గనోడు ఎవడని.

నలభై ఒకటోది సైదమ్మ తెచ్చింది.
నిన్న జానయ్య "లారీ వచ్చిందో!" అని కేకేస్తే
మేమంత గేటుకాడికి ఉరికినం.
వెనక ఒక్కడే కూసోని
తన రూలుకు తనే చెయ్యెత్తి
ఏడు గింజలు గెలుసుకున్నడు.
"రాసుకో," అన్నదామె,
"నలుగురిల చెప్పిన మాట నిజమే ఉండాలె."

రాయబోయిన. బిచ్యా నా చెయ్యి పట్టుకున్నడు.
"అయిదో దినం, వాన రాదంటిని.
వచ్చింది. నా వడ్లే తడిసినయి.
నేను అబద్ధమాడిన్నా?"

పెన్ను ఆగింది.
'తెలిసి' అనే మాట ఇరికిచ్చినం.
"తెలుసో తెల్వదో
నా కడుపుల చూసెటోడెవడు?" జానయ్య.
"నీ మొకం చాలు."
"అయితే మొకాలకు ఓటేస్తరా?"

ఖాసిం సాబు బీడీ ఆర్పిండు:
"మరి పరాచికం?
ఉత్త నిజమే మాట్లాడాల్నంటే
నేను పోయి పంట."
నవ్వులాటకైతే ముందుగాల చెవి ముట్టుకోవాలని
ఒక తోక తగిలిచ్చినం.
పావుగంటల అందరి చేతులు చెవుల మీదనే,
చాయ్ చల్లగైందని చెప్పేటందుకు కూడ.
తోక కోసేసినం.

"చేతులెత్తి నిజం తేలుస్తరా?" మల్ల బిచ్యా.
"ముగ్గురెత్తితే ఈ వడ్లు ఎండుతయా?"

ఎవరూ పలకలె.
రోడ్డు మీద లారీలు పోతున్నయి,
ఎవరివో.

అప్పుడు యాదికొచ్చింది మైకు.
రోజూ పొద్దున ఎనిమిదింటికి
ఇన్‌చార్జి పురుషోత్తం సారు
"రేపు పక్కా లారీలొస్తయి" అంటడు.
"ఆయనకు తగుల్తదా ఈ రూలు?"
"ఆయన ఆటల లేడు గదా."
"ఉన్నడని రాసుకుందాం."
అయిదు చేతులు. నలభై రెండు.
అదొక్కటే లొల్లి లేకుంట పాసైంది.

తెల్లారి మైకు గరగర.
"రేపు పక్కా..."
సైదమ్మ లేచిపోయి
టేబుల్ ముందట చెయ్యి చాపింది,
"పదకొండు గింజలు బాకీ, సారూ."
ఆయన నవ్వలె, తిట్టలె.
"మిల్లోళ్లు చెప్పిందే నేను చెప్పిన," అన్నడు,
"వాళ్లకెవరు చెప్పిన్రో."
బిచ్యా నా చెవుల గుసగుస:
ఇది వాన కిందికొస్తదా,
లారీ కిందికొస్తదా?

పదో రాత్రి. మల్ల సైదమ్మదే.
"తప్పని తెలిసినంక ఊకుంటే
అదీ అబద్ధమే."
నాలుగు చేతులు లేసినయి.
నేను రాసెటోణ్ణి, చేతుల పెన్నున్నది,
అట్ల తప్పించుకున్న.

మొన్న తేమ చూసే పిలగాడు
బ్యాటరీ మార్చుకుంట "ఎంతొచ్చిందే" అనడిగితే
అందరి ముందట "పదిహేడు" అన్న.
నా నోట్లెకెల్లే రాసుకున్నడు.
మీటరు పంతొమ్మిది చూపిచ్చి ఆరిపోయింది.
రెండో టోకెను నాది.
నా వెనక మూడోది బిచ్యాది.
తడిసిన కుప్పను నాలుగు దినాలు
కాళ్లతోని తిరగేసి తిరగేసి ఎండబెట్టిండు,
మడిమెల పగుళ్లల్ల ఇంకా ఊక.

నలభై మూడు అని అంకె వేసిన.
అక్షరాలు మా పిల్ల భిన్నాల కంటె వంకర.
"పైకి సదువు," అన్నది సైదమ్మ.
పాసైన రూలు పైకి సదవాలె.
అది ఆరోది,
ఇంతవరకు ఎవరూ కొట్టెయ్యలె.

నోరు తెరిచిన.
చెయ్యి దానంతటదే
చెవి దిక్కు పోయింది.
ఆ తోక
నిన్ననే కోసేసినం.