మినిట్స్‌లోకి ఎక్కని మాట

నాలుగో అంశం.
దిగువ పార్కు, రెండుంపావు ఎకరాలు,
విద్యుత్ సబ్‌స్టేషన్ నిమిత్తం అమ్మకం.
ఇంతవరకూ చెయ్యి తడబడలేదు.
పదిహేడేళ్లుగా కూమ్ హెలిగ్ కౌన్సిల్‌కి గుమస్తాని.
ఎవరు అరిచినా "చర్చ జరిగింది" అని రాస్తాను,
ఎవరు ఏడ్చినా "ఒక నివాసి అభిప్రాయం తెలిపారు" అని.

బయట మా వేల్స్ వాన,
పడాలో ఆగాలో ఎప్పటికీ తేల్చుకోలేని వాన.
హాలు నిండా తడి కోట్ల వాసన.
గోడ మీద మ్యాపులో పార్కు
గులాబీ గీతల మధ్య కొరికి వదిలిన బిస్కెట్ అంత.
కంపెనీ పంపిన కుర్రాడు, మర్యాదస్తుడే పాపం,
రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, చుట్టూ ఆకుపచ్చ కంచె,
చప్పుడంటారా, ఫ్రిజ్ గురకంత, అన్నాడు.
"మా ఫ్రిజ్ గురకకే మా ఆయన మేడ దిగడు"
అంది వెనక వరసలోంచి నెరిస్.
నవ్వులు.
నవ్వులు రాయను.

ఆ పార్కు ఏ దొరా దానమిచ్చింది కాదు.
మా ముత్తాతల కాలంలో,
కూలి కవరు చేతికందే కిటికీ దగ్గరే
వారానికో పెన్నీ కోయించుకున్నారు
వెయ్యిన్నూట పన్నెండు మంది, ఆరేళ్లు.
పగలంతా నేల కింద పాకినవాళ్లు
ఆదివారం పడుకోడానికి నేల మీద కాస్త పచ్చిక కొనుక్కున్నారు.
ఆ పద్దు పుస్తకం ఈ హాలు కిందే ఉంది, బాయిలర్ పక్కన.
ఎలకలు అంచులు తిన్నాయి,
పెన్నీల వరస జోలికి పోలేదు.
బ్యాండ్ స్టాండ్ మెట్ల సందులో
నా ముందుపన్ను ముక్క ఒకటి ఉండాలి.
అది ఏ పద్దులోనూ లేదు.

గెథిన్ లేచాడు.
లేవడానికే చాలాసేపు పట్టింది.
చక్రాల బండి మీద ఆక్సిజన్ సిలిండర్, ముక్కులో గొట్టం.
గనిని అతను వదిలి ముప్పై అయిదేళ్లు,
గనే అతన్ని వదల్లేదు.
వాళ్ల తాత పేరు పద్దులో రెండో పేజీ.
ఇక దులిపేస్తాడు అనుకున్నాం అందరం.

"జనవరి మంచులో పందొమ్మిది గంటలు కరెంటు పోయింది.
ఇంట్లో నా మెషీన్ ఆగింది.
మా ఎలునెడ్ టార్చి వేసి సిలిండర్ ముల్లు చూసేది,
బ్యాటరీ అయిపోతుందని ఆర్పేసేది,
మళ్లీ వేసేది.
తెల్లవార్లూ అదే పని.
నాకు ఆ తీగ కావాలి. అమ్మండి."

ఎవరిదో గొడుగు కింద పడింది.
చైర్మన్ పెన్ను మూత తీశాడు.

"ఆగండి, ఊపిరి తీసుకోనివ్వండి."
తీసుకున్నాడు.
మేమూ.

"కాగితంలో 'వినియోగంలో లేని స్థలం' అని రాశారు.
ఆ మాట తీసేయండి.
మొన్న మంగళవారం అక్కడే కూచున్నాను.
ఎవరిదో ముసలి కుక్క
నా బూటు మీద తల పెట్టుకుని నిద్రపోయింది.
మా తాత పెన్నీకి ఆ వినియోగం చాలు.
పాలిస్తున్న ఆవుని
వట్టిపోయిందని రాసి అమ్మకండి.
అమ్మేది అవసరానికి.
అబద్ధం దేనికి?"

అది ఫారంలో ముందే అచ్చయిన మాట, అన్నాడు చైర్మన్,
మన చేతుల్లో లేదు, అన్నాడు.
మన చేతులు లేచాయి. నాలుగు. మూడు.
నాలుగు లక్షల పదివేల పౌండ్లు.
రాశాను.

అందరూ వెళ్లాక
కార్పెట్ మీద రెండు చక్రాల తడి గీతలు,
తలుపు దాకా.
నా ముందు చిత్తుప్రతి.
ఆ మూడు మాటల మీద పెన్సిల్‌తో గీత గీశాను,
సన్నగా, రబ్బరుకి లొంగేంత సన్నగా.
ఉద్యోగం ఉంది కదా.
తర్వాత మళ్లీ గీశాను.
ఈసారి కాగితం కాస్త చిరిగింది.

లైట్లు ఆర్పే మనిషి తలుపులో నిలబడి
ఇంకా ఎంతసేపు, అని అడిగాడు.
వచ్చే నెల రెండో బుధవారం దాకా, అన్నాను.