చిల్లర

పంజాగుట్ట దవాఖానల డాక్టరమ్మ
కాయితం ముందర పెట్టుకొని అడుగుతున్నది:
కూసొని పేపర్ చదివేటప్పుడు కునుకు పడతదా?
టీవీ చూసేటప్పుడు? అన్నం తిన్నంక?
సున్నా నుంచి మూడు దాక ఏదో ఒకటి చెప్పాలె.
చెప్తున్న. మూడు. మూడు. రెండు. మూడు.

బస్సుల కూసున్నప్పుడు?

నవ్వొచ్చింది. మొఖం మీదికి రాలే గానీ
లోపట్నే నవ్విన.
ఇరవై ఆరేండ్లు సిటీ బస్సుల
నేను కూసున్నదెప్పుడు డాక్టరమ్మా?
దిల్‌సుఖ్‌నగర్ల ఎక్కితే మెహదీపట్నం దాక
చంకల సంచి, వేళ్ల నడుమ మడత నోట్లు,
ఒక కన్ను ఫుట్‌బోర్డు మీది పోరల మీద.
నిద్ర ఎక్కుతా ఎక్కుతా అని చెయ్యెత్తేది.
జాగ లేదు, వెనక బండి వస్తుంది, అనేదాన్ని.

ఆ వెనక బండ్లన్నీ
ఇప్పుడు ఒక్కపారే వచ్చినయ్.

పొద్దుగాల ఏడింటికి ఒక గోలీ.
అది పనిజేసే దాక కాళ్లు తడిసిన గోనెసంచులు.
తర్వాత కొంచెం సేపు నేను మణెమ్మనే,
గల్మల కూసొని కొత్తిమీర తెంపుత,
పక్కింటి షాహీన్‌తోని మాట కలుపుత,
బియ్యం రేటు దగ్గర్నో, వాళ్ల ఆడబిడ్డ దగ్గర్నో
మాట నడుమల్నే తల ఒరుగుతది.
లేచి చూస్తే షాహీన్ లేదు.
కొత్తిమీరంత తెంపి గిన్నెల పెట్టి
పైన తడిబట్ట కప్పి పోయింది.

ఇంగ రాత్రి సంగతి బాలనర్సయ్యను అడుగుండ్రి.
నిద్రల కాళ్లతోని తంతనంట,
టికెట్ టికెట్ అని ఒర్రుతనంట.
పాపం, చాప తెచ్చుకొని కింద పండుతడు.
కుడిచేతి బొటనవేలు చూపుడువేలు మీద
రుద్దుకుంటనే ఉంటది.
టికెట్ చింపినట్టున్నది అంటడు ఆయన.
కాదు.
చిల్లర లెక్కబెట్టినట్టున్నది.

చాదర్‌ఘాట్ల ఒకాయన ఎక్కేటోడు,
బూడిద రంగు సఫారీ, టిఫిన్ డబ్బా.
కోఠి రాకముందే నిద్రపోయేటోడు.
ఎన్నిసార్లు లేపిన్నో, ఎన్నిసార్లు కసురుకున్ననో,
ఇది బస్సా, మీ ఇంటి మంచమా అని.
ఒకనాడు జేబుల చెయ్యి పెట్టి తీస్తలేడు.
చెయ్యి వణుకుతున్నది. బస్సు నిండ జనం.
పొద్దుగాలనే ఏసినవా పెద్దాయనా, అన్న.
బస్సంత నవ్వింది.
ఆయన మొఖం కదలలే.
పొగరు అనుకున్న.

పది నోటు ఇచ్చిండు. నా తాన చిల్లర లేదు.
టికెట్ వెనక నాలుగు అని రాసి గీత గీసి
దిగేటప్పుడు తీసుకో అని చెప్పిన.
నాంపల్లిల ఉలిక్కిపడి లేచి
డబ్బా పట్టుకొని దిగిపోయిండు.
మళ్ల ఆ బండి ఎక్కలే,
నేను చూడలేదో, ఆయనే ఎక్కలేదో.

డాక్టరమ్మ కూడింది. పద్దెనిమిది అన్నది.
ఒక గోలీ తగ్గించి చూద్దాం అన్నది.
ఇంకేమన్న ఇబ్బందుందా అన్నది.
ఏం చెప్పాలె? దానికి నంబర్ లేదు.

వాపసు వచ్చేటప్పుడు బస్సుల
కండక్టర్ పిల్ల నాకు జీరో టికెట్ ఇచ్చింది.
సీటు ఇప్పిచ్చింది కూడ. బంగారు తల్లి.
బాలనర్సయ్య వెనక నిలబడి పైసలు తీస్తున్నడు.
నేను టికెట్ తిప్పి చూసిన.
వెనక ఏం రాసి లేదు.
తెల్లగున్నది.
లక్డీకాపూల్ దాక యాదికున్నది.